నూరేళ్ళ పియానో, విశాఖ ఉప్పుగాలి: పాత వాద్యాల పని మొదలుపెట్టేవాళ్ళు ఏం చేయాలి

కొత్త పియానోల మీద చెయ్యి తిరిగిన రెండు మూడేళ్ళకు వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోని పాత బంగళా నుంచో, ఓల్డ్ టౌన్ వైపు చర్చి నుంచో ఒక పిలుపు వస్తుంది. "తాతగారి నాటి పియానో అండీ, మూత తీసి ఇరవై ఏళ్ళయింది. కాస్త శ్రుతి చేసి వెళ్దురూ." ఆ కాస్త శ్రుతి దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. తీగల పిన్నులకు లీవరు తగిలించి, నడిమి ‘ఏ’ (A) స్వరం సెకనుకు 440 సార్లు కంపించే నేటి ప్రమాణ శ్రుతికి, అంటే 440కి, లాగేస్తే సాయంత్రానికి నాలుగు తీగలు తెగొచ్చు. తెగకపోతే సంతోషించడానికీ లేదు, ఆ పిన్నులు గుచ్చిన చెక్క దిమ్మ (పిన్‌బ్లాక్) విచ్చుకుని ఆ సంగతి ఆరు నెలలకు బయటపడొచ్చు.

అందుకే ముందు ఒక కట్టుబాటు పెట్టుకోండి. పాత వాద్యం మీద మీరు చేసే ప్రతి పనినీ రేపు ఇంకొకరు వెనక్కి తిప్పగలగాలి. తిప్పలేని పని అనిపిస్తే ఆ రోజుకి ఆపేయండి. మన ఊళ్ళో ఎక్కువగా ఎదురయ్యేవి 1880–1930 మధ్య చేసిన నిలువు పియానోలు, కాలి హార్మోనియాలు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా వాటి గురించే. హార్మోనియం వాళ్ళు వాడే "మెట్టు" మాటనే పియానో కీకీ వాడుతున్నాం.

మొదటి రోజు లీవరు సంచిలోనే

మొదటిసారి వెళ్ళేది చూడటానికి, కొలవడానికి, రాసుకోవడానికి. టార్చి, మెత్తటి కుంచె, 0.01 మి.మీ. చూపే మైక్రోమీటరు, గాలిలో తేమ చూపే హైగ్రోమీటరు, నోటుబుక్కు తీసుకెళ్ళండి. పంటి డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఆర్టరీ ఫోర్సెప్స్, ఇన్సులిన్ సిరంజీలు కూడా కావాలి. ఇవి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరి సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ఇరుకులో పడిన స్ప్రింగును పైకి తీయడానికి ఆర్టరీ ఫోర్సెప్స్‌ని మించిన పనిముట్టు లేదు.

హైగ్రోమీటరును నమ్మే ముందు పరీక్షించండి. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్ళు వేసి తడి ముద్దలా చేయండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని జిప్ కవరులో పెట్టి ఎనిమిది గంటలు వదిలేయండి. లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర నిలబడుతుంది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చూపిస్తోందని వెనక చీటీ అంటించుకోండి.

ఈ 75 అంకె సముద్రం పక్క ఊళ్ళకు చాలా ముఖ్యం. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. వర్షాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది అందుకే. గాలితో కొట్టుకొచ్చి పియానో తీగల మీద కూర్చున్న ఉప్పు కూడా అలాగే కరిగి, కంటికి కనపడని ఉప్పునీటి పొరలా తీగను అంటిపెట్టుకుంటుంది. హైదరాబాదులో ఏళ్ళ తరబడి మెరిసే తీగ బీచ్ రోడ్డు ఇంట్లో త్వరగా తుప్పు రంగు తిరగడానికి కారణం ఆ పొరే. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఈ గీతకు అటూ ఇటూనే ఉంటుంది. మీ పని సగం ఆ గీత కింద ఉండటానికే.

ఇప్పుడు పై పలక, కింది పలక తీసి టార్చి వేయండి.

తీగలన్నీ నిటారుగా పక్కపక్కనే దిగాయా, లేక బేస్ తీగలు మిగతావాటి మీదుగా ఏటవాలుగా దాటాయా చూడండి. తీగల్ని కొట్టే హామర్ల ముందు సన్నటి ఊచలు పిట్టల పంజరంలా వరసగా నిలబడి ఉంటే, తీగల మోత ఆపే డాంపర్లు హామర్ల పైన ఉన్న రకం అది. అందులో పక్క తీగ మోగకుండా దూర్చే మామూలు రబ్బరు వెడ్జి దూరదు, చిమటాలాంటి పాప్స్ మ్యూట్ కావాలి. ఇనుప చట్రం పై అంచు దాకా వచ్చిందా, లేక పిన్నులు గుచ్చిన చెక్క బయటికే కనిపిస్తోందా? చెక్క కనిపిస్తే ఆ పై భాగానికి ఇనుము ఆసరా లేనట్టే. అక్కడ పిన్నుల వరస వెంట సన్నటి చీలిక కోసం వెతకండి. పియానో వెనక్కి వెళ్ళి, నిలువు దూలాలకూ పిన్‌బ్లాక్‌కూ మధ్య పోస్టుకార్డు దూరుతుందేమో చూడండి. దూరితే ఆ జాయింటు విడిపోతోంది, అది అతికేదాకా శ్రుతి మాట ఎత్తకూడదు.

పిన్ను తల ఆకారం కూడా రాసుకోండి. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పియానోల్లో కొన్నిటికి చతురస్రం బదులు దీర్ఘచతురస్రపు తలలుంటాయి. నక్షత్రం గుంట ఉన్న మామూలు లీవరు వాటిని రెండు మూలల మీదే పట్టి, అంచుల్ని గుండ్రంగా అరగదీస్తుంది. సరైన టిప్ తెప్పించుకునేదాకా వాటి జోలికి వెళ్ళకండి.

ఇనుప చట్రమే లేదు, హామర్లకు ఫెల్ట్ బదులు తోలు ఉంది, పెడలు బదులు మోకాలితో నెట్టే మీట ఉంది. ఇలాంటివి కనిపిస్తే అది ఫోర్టెపియానో కాలపు వాద్యం. దాని తీగలు మెత్తని ఇనుము, ఇత్తడి. ఇప్పటి గట్టి ఉక్కు తీగ వేసి బిగిస్తే దాని చెక్క ఒళ్ళు వంగిపోతుంది. దుమ్ము దులిపి, ఫోటోలు తీసి, గది తేమ సరిచేసి, అనుభవమున్న పునరుద్ధరణ నిపుణుల దగ్గరికి దారి చూపండి. మొదటి ఐదేళ్ళలో మీ చేతితో అంతకు మించి చేయకండి.

ఎంత శ్రుతికి లాగాలి

ఫోనులో ట్యూనింగ్ యాప్ పెట్టి కింది నుంచి పై దాకా ప్రతి ‘ఏ’ (A) స్వరమూ ఎన్ని సెంట్లు తగ్గి ఉందో రాయండి. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. మధ్యలో 40 తక్కువ, పైన 90 తక్కువ ఉండటం మామూలే.

440 ఏ వాద్యానికీ పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. 1859లో ఫ్రాన్సు 435ని ప్రమాణంగా పెట్టింది, అది 440 కన్నా 20 సెంట్లు తక్కువ. అదే శతాబ్దంలో ఇంగ్లాండులో 452 దాకా వాడారు. 440 మీద అంతర్జాతీయంగా మాట కుదిరింది 1939లో. 1900లో చేసిన పియానోకు 440 తెలియదు, అది దానికి తగిలించకపోతే మీరు తప్పు చేసినట్టూ కాదు.

పైకి లాగడంలో ప్రమాదం ఎంతో లెక్క వేసి చూడండి. తీగ బిగువు, కంపనాల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 100 సెంట్లు పెంచితే కంపనాలు 6 శాతం, బిగువు 12 శాతం పెరుగుతాయి. తీగలన్నీ కలిపి 15 టన్నులు లాగుతున్న పియానోలో అది 1.8 టన్నుల అదనపు బరువు. నూరేళ్ళ జిగురు మీద ఒక కారుకు మించిన బరువు ఎత్తి పెట్టినట్టు.

కాబట్టి 30 సెంట్ల లోపు తగ్గి ఉండి, పిన్‌బ్లాక్ గట్టిగా ఉంటే రెండు విడతల్లో 440కి తీసుకురావచ్చు. 60 దాకా తగ్గి ఉంటే మూడు విడతలు, విడతకు 25 సెంట్లు మించకుండా, మధ్యలో రెండేసి వారాలు ఆగుతూ. అంతకన్నా కిందికి దిగిపోయి ఉంటే ఉన్నచోటికి దగ్గర్లోనే, వీలైతే ‘ఏ’ (A) 415 దగ్గర, దానితో అదే కలిసేలా శ్రుతి చేసి వదిలేయండి. 415 దాదాపు సరిగ్గా ఒక మెట్టు తక్కువ. ఒకటిన్నర శ్రుతి మెట్టు (సి షార్ప్) నొక్కితే ఒకటో శ్రుతి (సి) పలుకుతుందని చెబితే పాడేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. యజమానికి ఇది నచ్చకపోవచ్చు. పైన చెప్పిన 1.8 టన్నుల లెక్క కాగితం మీద వేసి చూపించండి.

చెవితో టెంపరమెంటు (మిగతా శ్రుతికి ఆధారంగా మధ్య స్వరాల దూరాలు సర్దే తొలి వరస) వేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నడి సి కింద ఉన్న ఎఫ్–ఏ జంట 440 దగ్గర సెకనుకు 6.9 సార్లు అలలాడుతుంది. 415 దగ్గర అది 6.5కి దిగుతుంది. పాత అంకె బుర్రలో పెట్టుకుని వేస్తే వరసంతా పక్కకు జరుగుతుంది.

దుమ్ము, పురుగు, సీసం

రెండో రోజు శుభ్రం చేయడం. మెట్టు కదలికను హామరుకు అందించే యంత్రాంగాన్ని (యాక్షన్) బయటికి లాగే ముందు బ్రిడిల్ టేపులు చూడండి. హామరునూ కింది భాగాన్నీ కలిపే సన్నటి గుడ్డ పట్టీలు ఇవి. పాతవి ముట్టుకుంటే అప్పడంలా విరుగుతాయి. తెగిన చోట కింది భాగం వాలిపోయి, యాక్షన్ బయటికి వచ్చేటప్పుడు మెట్ల వెనక ఇరుక్కుంటుంది. తెగినవాటిని ముందే దారంతో పైకి కట్టి, తర్వాత లాగండి.

మెట్లు తీసేటప్పుడు వాటి మీద అంకెలున్నాయో లేదో చూసుకోండి. లేకపోతే పెన్సిలుతో మీరే వేయండి. వాక్యూమ్ క్లీనరు మూతికి పల్చటి మల్లు గుడ్డ కట్టి వాడండి. దంతపు పెచ్చులు, చిన్న స్క్రూలు ఆ గుడ్డకే ఆగిపోతాయి. పోగైన దుమ్మును జల్లెడ పట్టకుండా పారేయకండి. విరిగిన మెట్టు తాలూకు ముక్క చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

కొన్ని మెట్లలో బరువు కోసం సీసపు బిళ్ళలుంటాయి. వాటి మీద తెల్లటి పొడి కనిపిస్తే సీసం క్షయమవుతోందని అర్థం. బిళ్ళ ఉబ్బి చెక్కను చీల్చడానికి కూడా ఇదే కారణం. ఆ పొడి విషం. మాస్కు, గ్లౌజులు వేసుకుని తడిగుడ్డతో తుడవండి. పొడిగా గీకడం, ఊదడం వద్దు. పని అయ్యేదాకా టీ గ్లాసు ఆ గదిలోకి రాకూడదు.

ఫెల్ట్ అంటే గొర్రె ఉన్ని, చిమ్మట పురుగుకు మంచి మేత. మెట్ల కింద ఇసుకలాంటి రెట్ట, సన్నటి గూళ్ళు కనిపిస్తే విడిగా తీయగలిగిన ఫెల్ట్ పట్టీలను ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, విప్పితే చల్లటి ఫెల్ట్ మీద మన గాలిలోని తేమంతా దిగుతుంది. నాఫ్తలీన్ ఉండలు వేయడం ఇళ్ళలో అలవాటు. గాలి ఆడే పెట్టెలో అవి గూట్లో ఉన్న పురుగును చంపేంత ఘాటుగా ఉండవు, ఆ ఆవిరి సెల్యులాయిడ్ మెట్లకూ ఇంట్లోవాళ్ళకూ మంచిది కాదు. కనిపిస్తే తీసేయండి.

చెదలు కనిపిస్తే మాత్రం పియానో పని అక్కడికి ఆపి, ముందు గోడకూ నేలకూ మందు కొట్టించమనండి.

తేమను నిలకడగా ఉంచడం

పుస్తకాల్లో పియానోకు 40–55 శాతం తేమ మంచిదని ఉంటుంది. ఆ మాట చదివి విశాఖలో ముప్పై వర్షాకాలాలు చూసిన పియానోను ఒక్కసారిగా ఏసీ గదిలో 45కి దించితే తీగల మోతను పెంచే చెక్క పలక (సౌండ్‌బోర్డు) పగులుతుంది, పిన్నులు వదులవుతాయి. ఆ చెక్క ఇక్కడి తేమకు సర్దుకుని ఉంది. మన లక్ష్యం 60 దగ్గర నిలకడ. దించేటప్పుడు వారానికి 2–3 శాతం మించకండి.

అన్నిటికన్నా చెడ్డది ఊగిసలాట. రాత్రి ఏసీ వేసి 50కి దించడం, పొద్దున్న కిటికీలు తీసి 80కి పోనివ్వడం. చెక్క రోజూ ఉబ్బి, రోజూ ముడుచుకుంటుంది. ఏసీ రోజంతా నడపలేని ఇల్లయితే పియానో ఉన్న గదిలో అసలు వేయవద్దని చెప్పండి.

పియానోను సముద్రం వైపు కిటికీకి దూరంగా, లోపలి గోడ పక్కన, గోడకు 15 సెం.మీ. ఎడంగా పెట్టించండి. చక్రాల కింద చెక్క దిమ్మలు వేసి నేల నుంచి 5 సెం.మీ. ఎత్తండి. కింది భాగంలో, చెక్కకు తగలకుండా, 25 వాట్ల హీటరు కడ్డీ బిగించి దాన్ని తేమను బట్టి వేసి ఆపే హ్యుమిడిస్టాట్‌కు కలపండి. ఇది పనిచేసే తీరు తేలిక. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 33 డిగ్రీలకు వేడెక్కిస్తే, నీరు ఒక్క చుక్క బయటికి పోకుండానే ఆ అంకె 67కి పడుతుంది. ఉప్పు కరిగే గీత కిందికి వచ్చినట్టే. పాతరోజుల్లో లోపల చిన్న బల్బు వెలిగించి పెట్టేవారు, అదీ ఇదే సూత్రం. ఇప్పుడు దాని స్థానంలో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగే తప్ప పనికొచ్చే వేడి రాదు.

మెట్టు దిగి లేవకపోతే

విశాఖలో వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది ఇదే, జూన్ నుంచి నవంబరు దాకా మరీను. ముందు తప్పు మెట్టుదో యాక్షన్‌దో తేల్చండి. ఆ మెట్టు మీది యాక్షన్ భాగాన్ని వేలితో కొంచెం ఎత్తి పట్టి, మెట్టును చేత్తో పైకీ కిందికీ ఆడించండి. అది సులువుగా ఆడితే తప్పు పైన ఉంది.

మెట్టుదే అయితే చాలాసార్లు పిన్నుల చుట్టూ ఉన్న బుషింగ్ గుడ్డ ఉబ్బి ఉంటుంది. కీ ఈజింగ్ ప్లయర్స్‌తో ఆ గుడ్డను రెండు వైపులా మెల్లగా అదమండి. పక్కలకు పిసరంత కదలిక వస్తే చాలు. నడిమి పిన్ను మీద మెట్టును కాస్త ఎత్తి వదిలితే తన బరువుకు తనే దిగాలి. చెక్కను ఉప్పు కాగితంతో రుద్దకండి. వర్షాకాలంలో రుద్ది వదులు చేసిన మెట్టు జనవరిలో గలగలలాడుతుంది, పోయిన చెక్క తిరిగి రాదు. మెట్టు ముందు వైపున్న పిన్నును తిప్పి వదులును సరిచేసే అలవాటు కొందరిలో ఉంది. అదీ వద్దు, పక్కకు తిరిగిన పిన్ను అంచు గుడ్డను కోసేస్తుంది.

తప్పు యాక్షన్‌లో ఉంటే హామరును వేలితో తీగ దాకా తోసి వదలండి. పక్క హామరు టక్కున వెనక్కి వస్తుంది, ఇది బద్ధకంగా వాలుతుంది. అంటే సెంటర్ పిన్ను బిగిసింది. 1.3 మి.మీ.కి అటూ ఇటూ మందమున్న చిన్న పిన్ను అది, ఎర్ర గుడ్డ గొట్టంలో తిరుగుతుంటుంది. మూడు వంతులు ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఒక వంతు డిస్టిల్డ్ నీరు కలిపి ఇన్సులిన్ సిరంజీతో పిన్ను రెండు చివర్లా ఒక్కో చుక్క వేయండి. నీటికి గుడ్డ ఉబ్బి పిన్ను మీద తనను తానే నొక్కుకుంటుంది, ఆరాక ఆ నొక్కు నిలిచిపోయి కాస్త చోటు ఇస్తుంది. ఆల్కహాలు నీటిని లోపలికి తీసుకుపోయి త్వరగా ఆరేలా చూస్తుంది. మన తేమలో ఆరడానికి 48 గంటలు ఇవ్వండి. చుక్క వేసిన గంటకే "ఇంకా బిగువుగా ఉంది" అని మళ్ళీ వేయడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. అప్పుడు గుడ్డ ఉబ్బి ఉంటుంది కాబట్టి బిగువుగానే ఉంటుంది.

ఈ మందు పియానో పెట్టె మీద పడకుండా జాగ్రత్తపడండి. పాత పెట్టెలకు ఉన్నది లక్క పాలిష్. ఆల్కహాలు తగిలిన చోటల్లా తెల్లటి మచ్చ పడుతుంది. యాక్షన్‌ను బయట బల్ల మీద పెట్టుకునే ఈ పని చేయండి.

పిన్ను చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తే చుక్కల మందు పనిచేయదు. పాత పిన్ను తోసేసి, మైక్రోమీటరుతో మందం చూసి, బుషింగును రీమరుతో శుభ్రం చేసి, అర సైజు (0.025 మి.మీ.) పెద్ద పిన్ను వేయండి. హామరును అడ్డంగా పట్టుకుంటే ఫ్లాంజ్ (ఆ పిన్ను మీద తిరిగే చిన్న చెక్క ముక్క) తన బరువుకు నెమ్మదిగా, ఆగకుండా వాలాలి. దబ్బున పడితే వదులు, కదలకపోతే బిగువు. ఈ "నెమ్మది" చేతికి పట్టాలంటే పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర పాడైన యాక్షన్ ఒకటి సంపాదించి యాభై పిన్నులైనా మార్చి చూడాలి. వేరే దారి లేదు.

తుప్పు వదలగొట్టే స్ప్రేలు, కుట్టు మిషను నూనె, కొబ్బరి నూనె ఇవేవీ యాక్షన్ దగ్గరికి రానివ్వకండి. నూనె కొట్టిన వారం మెట్టు బ్రహ్మాండంగా ఆడుతుంది. తర్వాత ఉన్ని ఆ నూనెను పీల్చి, దుమ్ముతో కలిసి బంకలా బిగుస్తుంది. అది కడిగినా పోదు, 85 మెట్ల పియానో అయితే 85 బుషింగులూ మార్చాల్సి వస్తుంది.

తీగలు, పిన్నులు

తుప్పు పట్టిన తీగను నేరుగా పైకి లాగకండి. ముందు పిన్నును వెంట్రుకవాసి కిందికి తిప్పండి. తీగ వంగే చోట తుప్పు పట్టు విడిపోయి "టిక్" మని సన్నటి చప్పుడు వస్తుంది. అది విన్నాకే పైకి. ఈ చిన్న అలవాటు సగం తీగల్ని తెగకుండా కాపాడుతుంది.

ఒక మామూలు తీగ తెగితే, ఫెల్ట్ కింద తుప్పు చేరని చోట మైక్రోమీటరుతో కొలవండి. పియానో తీగల లెక్కలో 13 నంబరు అంటే 0.775 మి.మీ., 14 అంటే 0.825, ప్రతి అర నంబరుకూ 0.025 తేడా. కొలతకు సరిపోయేదే వేయండి. "మందంగా ఉంటే గట్టిగా ఉంటుంది" అని నంబరు పెంచితే అదే శ్రుతికి ఇంకా ఎక్కువ బిగువు కావాలి, పక్క తీగలతో గొంతు కూడా కలవదు. పిన్ను మీద మూడు చుట్లు, ఒకదానికొకటి ఆనుకుని.

రాగి చుట్టిన బేస్ తీగ పిన్ను దగ్గర తెగితే పారేయకండి. పలికే భాగం తగలని చోట కొత్త తీగ ముక్కను ముడివేసి వాడొచ్చు. కొత్త బేస్ తీగ పక్కవాటి మధ్య ఇత్తడి గంటలా వేరుగా మోగుతుంది, ముడివేసిన పాతదానికి తన వాళ్ళ గొంతే ఉంటుంది. రాగి చుట్లలో ఉప్పూ దుమ్మూ చేరి గొంతు పూడిన తీగలుంటే, కింది కొక్కెం నుంచి విప్పి, చుట్టు బిగిసే దిశలో ఒక్క తిప్పు తిప్పి మళ్ళీ తగిలించి చూడండి.

పిన్ను వదులై శ్రుతి నిలవకపోతే, తీగ చుట్టుకూ చట్రానికీ మధ్య ఖాళీ ఉన్నప్పుడు రెండు మి.మీ. లోపలికి కొట్టొచ్చు. చాలకపోతే ఒక సైజు పెద్ద పిన్ను. వదులు రంధ్రాల్లో సూపర్‌గ్లూ పోసే పద్ధతి కొత్త పియానోలకు సరే. పాతవాటికి వద్దు, చెక్కలోకి ఇంకిన ఆ జిగురును ఎవరూ వెనక్కి తీయలేరు. ఊడిన చెక్క భాగాలు అతికించడానికి తోలు జిగురే, వడ్రంగులు వజ్రం అనేది, వాడండి. రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీలకు వేడి చేయండి. 70 దాటితే పట్టు పోతుంది. రేపు విప్పాలంటే వేడి, తేమ చాలు.

దంతపు మెట్లు

విశాఖపట్నం పేరు ప్రపంచానికి తెలియడానికి దంతపు పని కూడా ఒక కారణం. 18వ శతాబ్దంలో ఇక్కడి కంసాలులు చందనం, రోజ్‌వుడ్ లాంటి కలప మీద దంతం తాపడం చేసిన పెట్టెలు, కుర్చీలు ఇప్పటికీ విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. అదే దంతం పాత పియానో మెట్ల మీదా ఉంటుంది. మెట్టు పై పలక రెండు ముక్కలుగా, నల్ల మెట్లు మొదలయ్యే చోట సన్నటి అతుకు గీతతో, సన్నటి చారలతో ఉంటే దంతమని అనుకోవచ్చు. సూది కాల్చి గుచ్చి పరీక్షించకండి. అది సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది.

దంతం కొనడం, అమ్మడం మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దిగుమతి చేసిన ఆఫ్రికా దంతానికీ 1991 నుంచి అదే వర్తిస్తుంది. పాత పియానో విప్పి దంతపు ముక్కలు అమ్ముతామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. పోయిన ముక్క స్థానంలో రంగు కలిసే ప్లాస్టిక్ పలక వేసి, వేసినట్టు రాసి పెట్టండి.

ఉన్న దంతాన్ని పిండిన తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. తడి నిలిస్తే పలక పడవలా వంగి లేస్తుంది. చీకట్లో దంతం పసుపెక్కుతుంది, వెలుగు తగిలితే తెల్లబడుతుంది. అందుకే ఎండ నేరుగా పడని గదిలో పగలు మూత తీసి ఉంచమని ఇంటివాళ్ళకు చెప్పండి. బ్లీచింగులు అక్కర్లేదు.

కాలి హార్మోనియం

పద్యనాటకాలు ఆడిన ఊళ్ళలో, పాత చర్చిల్లో ఇవి కనిపిస్తాయి. ఇందులో తీగల్లేవు, ఇత్తడి రీడ్ల నాలుకలు గాలికి కదిలి పలుకుతాయి. కాబట్టి మొదటి పరీక్ష గాలిదే. అన్ని స్టాపులూ (రీడ్ల వరసలకు గాలి వదిలే గుబ్బలు) మూసి, తిత్తిని నిండా తొక్కి కాలు తీయండి. పది సెకన్లయినా నిలవాలి. ముందే కూలితే మడతల మూలల్లో చిల్లులు, లేదా తోలు కవాటాలు ఎండి వంగిపోవడం. చీకటి గదిలో తిత్తి లోపల చిన్న లైటు పెడితే చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి. సెల్లోటేపు అంటించకండి. పల్చటి తోలు ముక్కను అంచులు కోసి, తోలు జిగురుతో అతకండి.

రీడు పలకకపోతే వందకు తొంభై పాళ్ళు దుమ్మే కారణం. నాలుకకూ పలకకూ మధ్య పల్చటి కాగితం దూర్చి ఒక్కసారి లాగండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నాలుక చుట్టూ వెంట్రుకంత వెలుగు గీత సమానంగా కనిపించాలి.

శ్రుతి తేడా ఉంటేనే గీకడం. నాలుక కింద పల్చటి ఉక్కు రేకు ఆసరాగా పెట్టండి. కొన వైపు గీకితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. రివెట్టు వైపు గీకితే బిరుసు తగ్గి శ్రుతి దిగుతుంది. రెండు మూడు గీతలు గీకి, రీడును దాని స్థానంలో పెట్టి, తొక్కి వినండి. చేతి వేడికి శ్రుతి మారుతుంది కాబట్టి ఒక నిమిషం చల్లారనివ్వండి. గీకిన ఇత్తడి తిరిగి రాదు, నాలుక పల్చబడ్డ కొద్దీ విరగడానికి దగ్గరవుతుంది. ఐదారు సెంట్ల తేడా అయితే వదిలేయమనే మా సలహా. విరిగినదానికి గుజరాత్‌లోని పాలితానా రీడ్లు తెప్పించవచ్చు, కానీ పాత పలక పొడవు వెడల్పులు కొలిచి పంపండి. స్టాపు గుబ్బ పోతే ఏటికొప్పాక బొమ్మల లక్కపని చేసేవాళ్ళు నమూనా చూపిస్తే చక్కగా తరిణ పట్టి ఇస్తారు. రంగు వేయకుండా ఉత్త కర్రే ఇమ్మనండి.

తుఫాను వస్తోందంటే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా కిటికీ అద్దాలు పగిలి, గదుల్లోకి సముద్రపు జల్లు కొట్టింది. అక్టోబరు మొదట్లోనే మీ పియానోల ఇళ్ళకు ఫోను చేయండి. హెచ్చరిక రాగానే పియానోను కిటికీలు లేని గోడకు జరిపి, దిమ్మలు ఎత్తు చేసి, హీటరు ప్లగ్గు తీసి, పైన టార్పాలిన్ కప్పాలి. గాలి తగ్గాక టార్పాలిన్ అదే రోజు తీయాలి, లేకపోతే లోపల ఉక్కపోసి బూజు పడుతుంది.

ఉప్పునీరు లోపలికి వెళ్తే లోహపు భాగాలను డిస్టిల్డ్ నీటితో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యరు, ఎండ వద్దు. పలకలన్నీ తీసి ఫ్యాను గాలి తగలనివ్వండి, వారాలు పట్టినా సరే. తడికి జిగురు మెత్తబడి ఉంటుంది కాబట్టి తీగల బిగువును అంతటా సమానంగా తగ్గించండి. ఒక్క వైపే వదిలితే చట్రం మెలి తిరుగుతుంది.

ప్రతి పని తర్వాతా ఒక కాగితం మీద తేదీ, ఆ రోజు తేమ, ‘ఏ’ (A) స్వరం శ్రుతి, మార్చిన పిన్నుల నంబర్లు, వాడిన జిగురు, తీగ మందం రాసి కవరులో పెట్టి పియానో కింది పలక లోపల అంటించండి. తీసేసిన పాత భాగాలన్నీ చీటీ వేసి ఒక సంచిలో అక్కడే వేలాడదీయండి. రెండు వారాలకు మళ్ళీ వెళ్ళి, ముందుగా హైగ్రోమీటరు చూసి, అవే ‘ఏ’ (A) స్వరాలు మళ్ళీ కొలవండి. 5 సెంట్ల కన్నా ఎక్కువ దిగి ఉంటే ఆ రోజు కూడా లీవరు తీయకండి. వెనక్కి వెళ్ళి, దూలాలకూ పిన్‌బ్లాక్‌కూ మధ్య పోస్టుకార్డు దూర్చి చూడండి.